ఐదు వందల జీబీ అడిగితే ఏం జరుగుతుంది?

(నెల్లూరులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక స్టోరేజ్ అడ్మినిస్ట్రేటర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ శబ్దం ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి.

డేటా సెంటర్ అనగానే ఈమధ్య మన రాష్ట్రంలో అందరూ విశాఖపట్నం మాటెత్తుతున్నారు. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించాక పేపర్ల నిండా అదే. అంతకు ముందు, 2022లో, అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్ తెరిచింది. ఈ వార్తల్లో ఎకరాలుంటాయి, మెగావాట్లుంటాయి, ఉద్యోగాల లెక్కలుంటాయి. లోపల డ్యూటీలో ఉన్నవాడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేస్తాడన్నది మాత్రం ఎక్కడా రాయరు. నేను అందులో ఒక్క మూల గురించే మాట్లాడతాను. స్టోరేజ్. ఎవరికి ఎంత చోటు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, ఇచ్చింది ఎలా వెనక్కి తీసుకోవాలి. ఇది పాఠ్యపుస్తకాల్లో రెండు పేజీల్లో అయిపోతుంది. ఉద్యోగంలో మాత్రం రిటైరయ్యేదాకా ఉంటుంది.

ఒక టికెట్, అంటే పని అడుగుతూ రాసే అర్జీ, వచ్చిందనుకోండి. డేటాబేస్ టీమ్ వాళ్లు రాశారు: 'కొత్త సర్వర్‌కి 500 జీబీ కావాలి, అర్జెంట్.' అర్జెంట్ కాని టికెట్ ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు. (నవ్వులు)

మీ లాప్‌టాప్‌లో అయితే డిస్క్ ఆ డబ్బాలోనే ఉంది. డేటా సెంటర్‌లో సర్వర్ ఒక ర్యాక్‌లో ఉంటుంది, డిస్కులు వేరే ర్యాక్‌లో స్టోరేజ్ ఎరే అనే పెద్ద పెట్టెలో ఉంటాయి. మధ్యలో స్టోరేజ్ కోసమే ఉండే ఫైబర్ ఛానల్ అనే నెట్‌వర్క్ స్విచ్‌లు గానీ, మామూలు ఈథర్‌నెట్ మీద నడిచే ఐస్కజీ అనే పద్ధతి గానీ ఉంటుంది. కాబట్టి 500 జీబీ ఇవ్వడమంటే వరసగా కొన్ని పనులు. ముందు డిస్కులన్నీ కలిపి ఒక పూల్ చేసి ఉంటాం. ఒకటి రెండు డిస్కులు పోయినా డేటా పోకుండా రెయిడ్ పెడతాం. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌తో స్థిరపడ్డ పద్ధతే ఇప్పటికీ దీనికి పునాది. ఆ పూల్‌లోంచి 500 జీబీ ముక్క కోస్తాం, దాన్ని లన్ అంటాం. తర్వాత స్విచ్‌లో జోనింగ్ చేయాలి, అంటే ఈ సర్వర్ కార్డు ఆ ఎరే పోర్టుతో మాత్రమే మాట్లాడవచ్చు అని రాసిపెట్టాలి. ఆ తర్వాత ఎరేలో మ్యాపింగ్, అంటే ఈ లన్ ఈ సర్వర్‌కి మాత్రమే కనపడాలి అన్న కట్టడి. చివరగా సర్వర్‌లో రీస్కాన్ (కొత్త డిస్కు వచ్చిందేమో వెతకడం), మల్టీపాత్ (దానికి ఒకటికి మించి దారులు పెట్టడం), ఫైల్ సిస్టమ్, మౌంట్ (వాడకానికి తగిలించడం).

ఇందులో జోనింగ్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే కొత్తవాళ్లు తడబడేది అక్కడే. సర్వర్‌లో ఉన్న ప్రతి ఫైబర్ ఛానల్ పోర్టుకీ డబ్ల్యూడబ్ల్యూఎన్ అని ఒక నంబరుంటుంది. అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కలిపి 16 స్థానాలు. ఒకే కంపెనీ కార్డులు రెండు పెడితే చాలాసార్లు చివరి కొన్ని అక్షరాలు తప్ప మిగతావన్నీ ఒకేలా ఉంటాయి. కళ్లతో చూసి టైపు చేస్తే ఏదో ఒకరోజు పొరపాటు తప్పదు. అందుకే ప్రతి నంబరుకీ మనుషులు చదవగలిగే పేరు, ఎలియాస్, పెట్టుకుని ఆ పేరుతోనే పని చేయాలి. మ్యాపింగ్ తప్పితే ఇంకా ఘోరం. సంబంధం లేని రెండు సర్వర్లకు ఒకే లన్ కనపడిందనుకోండి. చాలా సర్వర్లు కలిసి వాడుకోవడానికి చేసిన క్లస్టర్ ఫైల్ సిస్టమ్ కాకపోతే, రెండూ 'ఇది నాదే' అనుకుని రాసేస్తాయి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. ఎర్రర్ కూడా వెంటనే రాదు. కొన్ని రోజుల తర్వాత డేటాబేస్ తెరుచుకోదు. అప్పటికి బ్యాకప్‌లోకి కూడా ఆ చెడిపోయిన కాపీయే వెళ్లి ఉంటుంది.

మల్టీపాత్ సంగతి కూడా చెప్పాలి. సర్వర్‌కి రెండు కార్డులు, రెండు వేర్వేరు స్విచ్‌లు, ఎరేలో రెండు కంట్రోలర్లు ఉంటాయి. ఒక దారి తెగినా రెండోది పనిచేస్తుంది. మంచిదే. కానీ మొదటి దారి తెగినప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు, అప్లికేషన్ బాగానే నడుస్తుంటుంది. రెండోది తెగినప్పుడే గోల. అందుకని 'నడుస్తోందా?' అని చూసి ఊరుకోకూడదు, 'ఎన్ని దారులు బతికున్నాయి?' అని చూడాలి. ఈ ఒక్క రిపోర్టు రోజూ చూసేవాడికి రాత్రి ఫోన్లు సగం తగ్గుతాయి.

ఈ పనులన్నీ ఒకప్పుడు ఒక్కో కంపెనీ పెట్టెకి ఒక్కో కమాండ్‌తో, ఒక్కో స్క్రీన్‌లో చేసేవాళ్లు. ఒక ఎరే నేర్చుకున్నవాడికి పక్క కంపెనీ ఎరే కొత్త దేశంలా ఉండేది. ఈ బాధ తీర్చడానికి ఎస్‌ఎన్‌ఐఏ అనే పరిశ్రమ సంఘం ఎస్‌ఎంఐ-ఎస్ అనే ప్రమాణం తెచ్చింది. బరువైన ప్రమాణం అది, చదివితే నిద్రొస్తుంది, కానీ పనికొచ్చింది. 2016లో అదే సంఘం స్వోర్డ్‌ఫిష్ తెచ్చింది, వెబ్ ప్రోగ్రామింగ్ తెలిసిన మీలాంటివాళ్లకు సుఖంగా ఉండే రెస్ట్, జేసన్ పద్ధతిలో. ఇప్పుడు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫారం నింపితే లన్ కోయడం, జోనింగ్, మ్యాపింగ్ మూడూ అదే చేస్తుంది. సొంత క్లౌడ్ కట్టుకునే ఓపెన్‌స్టాక్‌లో సిండర్ అనే స్టోరేజ్ భాగం ఉంది, కంటెయినర్లలో అప్లికేషన్లు నడిపే కుబర్నెటీస్‌లో స్టోరేజ్‌ని కలిపే సీఎస్ఐ ఉంది, పనుల్ని ఫైల్‌లో రాసిపెట్టి నడిపించే ఆన్సిబుల్ ప్లేబుక్‌లున్నాయి. రెండు రోజుల పని రెండు నిమిషాలకు వచ్చింది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట. ఇవ్వడం తేలికైంది కాబట్టి మనకు పని తగ్గిందని మేనేజర్లు అనుకుంటారు. తగ్గలేదు, చోటు మారింది. ఇవ్వడానికి రెండు రోజులు పట్టినప్పుడు, అడిగేవాడు ఆలోచించి అడిగేవాడు. రెండు నిమిషాల్లో వస్తుందని తెలిశాక 500 కావలసినవాడు 2,000 అడుగుతాడు. 'ఎందుకైనా మంచిది సార్' అంటాడు. ఇచ్చిన ప్రతిదీ ఒక మాట ఇచ్చినట్టే. ఆ మాటల లెక్క సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది గానీ, బాధ్యత తీసుకోదు.

ముందు అసలు మన చేతిలో ఎంతుందో చూద్దాం. 16 టీబీ డిస్కులు పది కొన్నారు. మేనేజర్ దగ్గరున్న కాగితం మీద 160. రెయిడ్ 6 పెడితే రెండు డిస్కుల చోటు రక్షణకు పోతుంది, 128. డిస్కు కంపెనీవాడు టీబీ అంటే పది పవర్ పన్నెండు బైట్లు అని లెక్కేస్తాడు. చాలా సాఫ్ట్‌వేర్లు 1,024 గుణకాల్లో లెక్కేస్తాయి. అందుకని తెరమీద 116 చిల్లర కనపడుతుంది. అందులోంచి స్నాప్‌షాట్లకు, అంటే డేటా ఒక క్షణంలో ఎలా ఉందో పట్టి ఉంచే కాపీలకు, కొంత పక్కన పెట్టాలి. '160కి డబ్బులిస్తే 116 వచ్చిందేంటి, మిగతాది ఎవరు తిన్నారు' అని ఫైనాన్స్ వాళ్లు అడుగుతారు. సరదాకి చెప్పడం లేదు, నిజంగానే అడుగుతారు. కొనేముందే ఈ లెక్క రాసి సంతకం పెట్టించుకోండి.

రెయిడ్ 6 ఎందుకు, రెయిడ్ 5 అయితే ఇంకో డిస్కు మిగిలేది కదా అని ఎవరో ఒకరు అంటారు. డిస్కు చచ్చిపోతే కొత్తది పెట్టి మళ్లీ నింపాలి. 16 టీబీని సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా 80,000 సెకన్లు, అంటే 22 గంటల పైమాటే. నడుస్తున్న సిస్టమ్‌లో అంత స్పీడు ఎవరిస్తారు? రోజులు పట్టొచ్చు. ఆ రోజుల్లో రెండోది కూడా పోతే రెయిడ్ 5లో మొత్తం పోయినట్టే. అన్నీ ఒకే రోజు, ఒకే బ్యాచ్‌లో కొన్న డిస్కులు కదా, అలసిపోవడం కూడా దగ్గర దగ్గరగానే అలసిపోతాయి.

ఇప్పుడు థిన్ ప్రొవిజనింగ్, అంటే అడిగినంతా ఇచ్చామని చెప్పి, వాడినప్పుడే నిజంగా చోటు ఇవ్వడం. ఇది మన జిల్లా వాళ్లకి చెప్పడం తేలిక. సోమశిల నిండితే 78 టీఎంసీలు. దాని కింద ఆయకట్టు కాగితం మీద ఎంతైనా ఉండొచ్చు. ఏటా పంటకు ముందు ఐఏబీ, అంటే సాగునీటి సలహా మండలి, మీటింగ్ పెట్టి, ఇప్పుడు చేతిలో ఎన్ని టీఎంసీలున్నాయి, ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వగలం అని తేలుస్తారు. అందరూ ఒకేసారి తూములెత్తరన్న లెక్క మీద కాలువలు నడుస్తాయి. థిన్ ప్రొవిజనింగ్‌లోనూ అంతే. పూల్‌లో 100 టీబీ ఉంటుంది. సర్వర్లకు ఇచ్చామని చెప్పినది మొత్తం కలిపితే 260. నిజంగా వాడింది 62. ఎవరికీ ఇబ్బంది లేదు, డబ్బు ఆదా. తేడా ఒక్కటే. ఐఏబీ మీటింగ్‌లో రైతులు లేచి నిలదీస్తారు. పూల్ తరఫున లేచి నిలదీసేవాడెవడూ ఉండడు, మీరే లేవాలి.

లేవకపోతే ఏమవుతుంది? పూల్ నిండిన క్షణం, ఎక్కువ వాడినవాడొక్కడికే కాదు, ఆ పూల్ మీద ఉన్న అందరికీ, కొత్త చోటు కావలసిన డేటా రాతలు ఆగిపోతాయి. లినక్స్‌లో డిస్కుల్ని పంచే ఎల్‌వీఎం అనే సాఫ్ట్‌వేర్ థిన్ పూల్ అయితే మామూలు సెట్టింగ్‌లో 60 సెకన్లు ఓపికపట్టి, ఆ తర్వాత ఎర్రర్ ఇవ్వడం మొదలుపెడుతుంది. చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి వాడే సెఫ్ అనే సాఫ్ట్‌వేర్ అయితే మామూలుగా 85 శాతం దగ్గర హెచ్చరిస్తుంది, 95 దగ్గర రాయనివ్వదు. అక్కడ సర్వర్‌లో చూస్తే 'నా డిస్కులో ఇంకా 300 జీబీ ఖాళీ ఉంది' అని చూపిస్తూ ఉంటుంది. అప్లికేషన్ వాళ్లు ఆ స్క్రీన్‌షాట్ పంపి, మా దగ్గర తప్పేం లేదంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

ఇంకో చిక్కు. సర్వర్‌లో ఒక ఫైల్ తీసేశారు. పూల్‌లో చోటు తిరిగొస్తుందా? దానంతట అది రాదు. ఫైల్ సిస్టమ్ తన పుస్తకంలో 'ఈ బ్లాకులు ఖాళీ' అని రాసుకుంటుంది గానీ కింద ఉన్న ఎరేకి ఆ సంగతి చెప్పాలి కదా. ఆ చెప్పడాన్ని ట్రిమ్ అనీ, అన్‌మ్యాప్ అనీ అంటారు. లినక్స్‌లో ఎఫ్ఎస్‌ట్రిమ్ అనే కమాండ్ ఉంది, చాలా డిస్ట్రిబ్యూషన్లలో వారానికోసారి నడిచే టైమర్ కూడా ఉంది. వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్‌లో, దాని ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్ఎస్ 6 నుంచి అదే మెల్లగా చేసుకుంటుంది. మధ్యలో ఏ ఒక్క పొర ఆ మాటను కిందికి దాటించకపోయినా చోటు తిరిగిరాదు. పూల్ నిండుతోందని కొత్త డిస్కులకు ఆర్డర్ పెట్టేముందు ఈ గొలుసంతా ఒకసారి చూడండి. లక్షలు మిగులుతాయి.

అలర్టుల గురించి నాకో గట్టి అభిప్రాయం ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు '80 శాతం దాటితే మెయిల్' లాంటి ఒక సెట్టింగ్‌తో వస్తాయి. అది దాదాపు పనికిరాని సెట్టింగ్. రెండు పూల్స్ తీసుకోండి, రెండూ 100 టీబీ. మొదటిది 80 శాతం నిండింది, రోజుకు 200 జీబీ పెరుగుతోంది. మిగిలింది 20 టీబీ, అంటే 100 రోజులు. రెండోది 60 శాతమే నిండింది, రోజుకు 2 టీబీ పెరుగుతోంది. మిగిలింది 40 టీబీ, అంటే 20 రోజులు. మెయిల్ వచ్చేది మొదటిదానికి, మునిగేది రెండోది. కాబట్టి శాతం కాదు, మిగిలిన రోజులు చూడాలి. ఆ రోజుల్ని కొనుగోలుకు పట్టే రోజులతో పోల్చాలి. కొటేషన్లు, కమిటీ, ఆర్డరు, డెలివరీ, బిగింపు అన్నీ అయ్యేసరికి మన దగ్గర నెలలు పడుతుంది. గవర్నమెంటు ఆఫీసయితే ఇక చెప్పక్కర్లేదు.

చోటుతో పాటు స్పీడు కూడా ఇచ్చే వస్తువే. టికెట్‌లో అది ఎవరూ రాయరు. 7,200 ఆర్పీఎం డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది, ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సెక్టార్ తల కిందికి రావడానికి సగటున అందులో సగం పడుతుంది, తల కదిలే టైమ్ అదనం. అందుకే అలాంటి డిస్కు ఎక్కడెక్కడో చెదిరి ఉన్న చిన్న చిన్న పనులు సెకనుకు వంద చేస్తే గొప్ప. తిరిగే భాగాలే లేని ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ లక్షల్లో చేస్తుంది. ఒకే పూల్ మీద పేరోల్, సీసీటీవీ, రిపోర్టులు అన్నీ పెడితే, నెలాఖరున రిపోర్టు నడిపేవాడు పేరోల్ గొంతు నొక్కుతాడు. క్యూఓఎస్ అని లిమిట్ పెట్టే సౌకర్యం దాదాపు అన్ని ఎరేల్లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కుబర్నెటీస్ నేర్చుకుంటున్నవాళ్లు ఎంతమంది? బాగానే ఉన్నారు. అందులో డెవలపరే పీవీసీ అనే చిన్న ఫైల్ రాసి చోటు అడుగుతాడు, ఎలాంటి చోటు ఇవ్వాలో రాసిపెట్టిన స్టోరేజ్ క్లాస్ చూసి సిస్టమే వాల్యూమ్, అంటే డిస్కు ముక్క, తయారుచేస్తుంది. అడ్మిన్‌ను అడగనక్కర్లేదు. అయితే అలా తయారైన వాల్యూమ్‌కి, మీరేమీ చెప్పకపోతే, రీక్లెయిమ్ పాలసీ (పని అయ్యాక చోటును ఏం చేయాలన్న నియమం) 'డిలీట్'. అంటే పీవీసీ తీసేస్తే వెనక ఉన్న డేటా కూడా పోతుంది. ప్రొడక్షన్ డేటాబేస్‌లకు 'రిటెయిన్' అని పెట్టిన వేరే స్టోరేజ్ క్లాస్ ఉంచండి. ఇవాళ నేను చెప్పినవాటిలో ఒక్కటే రాసుకునేట్టయితే అది ఇదే రాసుకోండి.

అయితే రిటెయిన్ పెట్టిన చోట ఇంకో రోగం వస్తుంది. సొంతదారు లేని వాల్యూమ్‌లు పేరుకుపోతాయి. ఒక సంస్థలో, పేరు అనవసరం, 'టెస్ట్ ఓల్డ్ 2' అని ఒక వాల్యూమ్ ఏళ్లుగా ఉండేది. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఎవరినడిగినా మాది కాదన్నారు. తీసేశాడు. నెలాఖరు రోజు అకౌంట్స్ వాళ్లు వచ్చారు. నెలకొకసారి, ఒక్క పూట మాత్రమే వాడే ప్రోగ్రాం దాని మీద ఉంది. ఆ కుర్రాడిని తిట్టారు గానీ తప్పు పేరు పెట్టినవాడిది. వాల్యూమ్ తయారుచేసే ఫారంలోనే సొంతదారు, అప్లికేషన్, ఎప్పటిదాకా కావాలి అన్న మూడు గడులు తప్పనిసరి చేయాలి. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోకూడదు. తీసేసేటప్పుడు ముందు మ్యాపింగ్ మాత్రమే తీసేయండి, డేటా ఉంచండి. కనీసం ఒక నెలాఖరు, వీలైతే ఒక మార్చి 31 దాటనివ్వండి. ఎవరూ అరవకపోతే అప్పుడు డిలీట్.

స్నాప్‌షాట్ గురించి ఒక్క ముక్క. అది బ్యాకప్ కాదు, అదే పూల్ మీద ఉంటుంది. పూల్ పోతే రెండూ పోతాయి.

రెప్లికేషన్, అంటే డేటా రెండో కాపీని ఇంకో ఊళ్లో ఉంచడం, మాత్రం మన ఊరి వాళ్లు శ్రద్ధగా వినాలి. ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. పోయి రావడానికి 1.75 మిల్లీసెకన్లు, అదీ కేబుల్ నేరుగా ఉంటే. సింక్రనస్ రెప్లికేషన్‌లో ప్రతి రాతకీ అవతలి ఒడ్డు నుంచి జవాబు రావాలి, కాబట్టి ప్రతి రాతకీ ఆ ఆలస్యం కలుస్తుంది. మిల్లీసెకను కన్నా తక్కువలో పని ముగించే ఫ్లాష్ ఎరే కొని, దాన్ని చెన్నైకి కట్టేసి, స్లోగా ఉందంటే ఎలా? ఆలస్యం వద్దనుకుంటే జవాబు కోసం ఆగని ఎసింక్రనస్, అప్పుడు ప్రమాదం జరిగితే చివరి కొన్ని నిమిషాల డేటా వదులుకోవాలి. ఎన్ని నిమిషాలు పోతే ఫరవాలేదు అనేది వ్యాపారం నడిపేవాళ్లు చెప్పాలి, మనం కాదు.

ఇంకా ముఖ్యం, చెన్నై సరైన ఊరేనా? 2023 డిసెంబరు గుర్తుందా, మిగ్‌జాం తుపాను? 4వ తేదీ చెన్నై నీళ్లలో ఉంది. అదే తుపాను మన తీరం వెంబడి పైకొచ్చి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అసలు కాపీ నెల్లూరులో, రెండో కాపీ చెన్నైలో పెట్టుకున్నవాడికి రెండు కాపీలూ ఒకే తుపాను దారిలో ఉన్నట్టే. హైదరాబాద్ దూరం ఎక్కువ, అందుకే మంచిది. సాఫ్ట్‌వేర్‌లో డిజాస్టర్ రికవరీ పేజీలో అన్నీ ఆకుపచ్చగా కనపడతాయి. వాతావరణం సంగతి ఆ పేజీకి తెలియదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, అంతా క్లౌడ్‌కి పోతోంది కదా, ఈ ఉద్యోగం ఉంటుందా?)

మంచి ప్రశ్న తల్లీ. డిస్కులు మార్చే పని చాలాచోట్ల పోతుంది. లెక్క చూసే పని పోదు. అమెజాన్ క్లౌడ్‌లో అద్దెకిచ్చే డిస్కు, ఈబీఎస్ వాల్యూమ్, తీసుకో. నువ్వు వాడినదానికి కాదు, అడిగినదానికి బిల్లు వేస్తారు. 2,000 జీబీ అడిగి 50 వాడితే 2,000కే కట్టాలి. సర్వర్ తీసేసి వాల్యూమ్ మర్చిపోతే దాని బిల్లు ఆగదు. ఇందాక చెప్పిన 'ఎందుకైనా మంచిది సార్' అనేవాళ్లు అక్కడా ఉంటారు, కాకపోతే నెలనెలా రూపాయల్లో కనపడతారు. అది పట్టుకునేవాడికి జీతం ఇస్తారు.

(ఒక విద్యార్థి: పెద్ద ఎరేలు మా దగ్గర లేవు సార్. ఎలా ప్రాక్టీస్ చేయాలి?)

అక్కర్లేదు నాయనా. వర్చువల్ మెషీన్‌లో లినక్స్ వేసుకో, దానికి రెండు జీబీల ఉత్తుత్తి డిస్కు ఒకటి తగిలించు. దాని మీద ఎల్‌వీఎంతో ఒక జీబీ థిన్ పూల్ చేసి, అందులోంచి ఒక్కొక్కటి ఒక జీబీ చొప్పున మూడు వాల్యూమ్‌లు ఇవ్వు. మూడింటికీ ఈఎక్స్‌టీ 4 ఫైల్ సిస్టమ్ వేసి మౌంట్ చేయి. మొదటిదాంట్లో 600 ఎంబీ ఫైల్ పెట్టి, పూల్ ఎంత నిండిందో చూడు. ఫైల్ తీసేసి మళ్లీ చూడు, తగ్గదు. ఎఫ్ఎస్‌ట్రిమ్ నడిపి చూడు, తగ్గుతుంది. ఆ తర్వాత మూడింట్లోనూ 400 ఎంబీ చొప్పున నింపడం మొదలుపెట్టి, లినక్స్ తన సందేశాలు రాసుకునే కర్నల్ లాగ్ తెరిచి కూర్చో. మీ ల్యాబ్‌లో ఒక మెషీన్ ఖాళీగా ఉందని సార్ చెప్పారు, టీ తాగి అక్కడికే పోదాం. ఎవరైనా వైట్‌బోర్డ్ మార్కర్ తెచ్చిపెట్టండి, ఇది అయిపోయింది.